చిప్ చేతికొస్తే సిగ్నల్ వచ్చినట్టు కాదు: ఫోటానిక్స్ పథకాలకు నిధులిచ్చే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, నిపుణుల కమిటీల సభ్యులకు,

నమస్కారం.

విషయం: ఫోటానిక్ చిప్‌లతో (కాంతిని నడిపించే చిప్‌లతో) తక్కువ నాయిస్ మైక్రోవేవ్ సిగ్నళ్లు పుట్టించే పనికి ఇస్తున్న నిధుల్లో మందపాటి సిలికాన్ నైట్రైడ్ ఫిల్మ్‌కు, ప్యాకేజింగ్‌కు, కొలతకు చోటు కల్పించవలసిందిగా విన్నపం.

మైక్రోవేవ్, ఫోటానిక్స్ పనుల్లో ఉన్న ఇంజినీర్లం, పరిశోధకులం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇందులో అడుగుతున్నవన్నీ ఇంతకుముందే లిఖితపూర్వకంగా అడిగాం. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ఈలోగా కొత్త ప్రతిపాదనలు పిలిచారు, వాటిలో పాత షరతులే ఉన్నాయి. అందుకే ఈసారి నలుగురి ముందు పెడుతున్నాం.

ముందు అసలు విషయం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఈ లేఖ చదివేవాళ్లందరూ ఈ రంగం వాళ్లు కారు.

రాడార్‌లో గానీ, సెల్ టవర్‌లో గానీ, ఉపగ్రహ సిగ్నల్ అందుకునే డిష్ వెనక గానీ ఒక ఆసిలేటర్ ఉంటుంది. 10 గిగాహెర్ట్జ్ ఆసిలేటర్ అంటే సెకనుకు వెయ్యి కోట్ల సార్లు తాళం వేసేది. ఆ తాళం ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త వెనక పడుతూ ఉంటుంది. ఆ తడబాటే ఫేజ్ నాయిస్. అసలు ఫ్రీక్వెన్సీకి ఫలానా దూరంలో, ఒక హెర్ట్జ్ వెడల్పులో, నాయిస్ అసలు సిగ్నల్ కంటే ఎన్ని డెసిబెల్స్ కింద ఉందో చెప్పి దాన్ని కొలుస్తాం. మైనస్ 120 కంటే మైనస్ 140 వంద రెట్లు శుభ్రం.

ఇవాళ ఈ సిగ్నల్ ఎక్కువగా క్వార్ట్జ్ క్రిస్టల్ నుంచే వస్తోంది. వేడి మారకుండా చిన్న ఓవెన్‌లో ఉంచిన క్రిస్టల్ 100 మెగాహెర్ట్జ్ ఇస్తుంది, దాన్ని 100 రెట్లు పెంచి 10 గిగాహెర్ట్జ్ చేస్తారు. ఫ్రీక్వెన్సీని ఎన్ని రెట్లు పెంచితే నాయిస్ ఆ సంఖ్య లాగరిథమ్‌కి 20 రెట్ల డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే 100 రెట్లకి 40 డెసిబెల్స్. క్రిస్టల్ దగ్గర మైనస్ 175 ఉన్న అడుగు నాయిస్ 10 గిగాహెర్ట్జ్‌కి వచ్చేసరికి మైనస్ 135 అవుతుంది. మధ్యలో మల్టిప్లయర్లు, ఆంప్లిఫైయర్లు కలిపేది దీనికి అదనం.

కాంతితో మొదలుపెడితే లెక్క తిరగబడుతుంది. 1550 నానోమీటర్ల లేజర్ ఫ్రీక్వెన్సీ సుమారు 193 టెరాహెర్ట్జ్. అక్కడినుంచి 10 గిగాహెర్ట్జ్‌కి భాగించుకుంటూ దిగితే అదే సూత్రంతో నాయిస్ సుమారు 86 డెసిబెల్స్ తగ్గుతుంది. అలా భాగించే గేరు పేరు ఫ్రీక్వెన్సీ కోంబ్, సమాన దూరంలో పళ్లున్న కాంతి దువ్వెన. 2005లో జాన్ హాల్, థియోడర్ హెన్ష్‌లకు భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది ఈ పనికే. అయితే అప్పటి దువ్వెన పెద్ద బల్ల మీద పరుచుకునే సరంజామా. 2007లో జర్మనీలోని గార్షింగ్‌లో వెంట్రుకంత సైజు సిలికా రింగులో దువ్వెన పుట్టించాక దారి మారింది. ఇవాళ అదే పని సిలికాన్ నైట్రైడ్ వేవ్‌గైడ్ (కాంతిని నడిపించే సన్నని దారి) రింగుతో చేయవచ్చు. 20 గిగాహెర్ట్జ్ దూరంలో పళ్లు కావాలంటే రింగు చుట్టుకొలత సుమారు 7 మిల్లీమీటర్లు చాలు.

చిప్‌ల మీద ఎక్కువగా నడుస్తున్నది రెండు కొసల పద్ధతి. రెండు లేజర్లను ఒకే స్థిరమైన రిఫరెన్స్ కేవిటీకి (కాంతి తిరిగే, పొడవు మారని గూడుకి) కట్టేస్తారు. వాటి ఫ్రీక్వెన్సీల మధ్య దూరం 640 గిగాహెర్ట్జ్ అనుకోండి. 20 గిగాహెర్ట్జ్ దువ్వెనను ఆ రెండు లేజర్ల మధ్య బిగిస్తే 32 ఖాళీలు పడతాయి. ఆ దువ్వెన, కాంతిని కరెంటుగా మార్చే ఫోటోడయోడ్ మీద పడినప్పుడు వచ్చే 20 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నాయిస్, లేజర్ల మధ్య తేడాలో ఉన్న నాయిస్ కంటే 30 డెసిబెల్స్ తక్కువ. పైగా రెండు లేజర్లూ ఒకే కేవిటీకి కట్టి ఉన్నాయి కాబట్టి కేవిటీ ఊగిసలాటలో ఎక్కువ భాగం రెండింటికీ ఉమ్మడిగా ఉండి తేడాలో కొట్టుకుపోతుంది.

2024 మార్చిలో ఈ పద్ధతుల మీద వెంటవెంటనే ఫలితాలు వచ్చాయి. అమెరికాలో బౌల్డర్‌లోని జాతీయ ప్రమాణాల సంస్థ బృందం 20 గిగాహెర్ట్జ్ దగ్గర, 100 హెర్ట్జ్ దూరంలో మైనస్ 102, 10 కిలోహెర్ట్జ్ దూరంలో మైనస్ 141 చూపించింది. వర్జీనియా విశ్వవిద్యాలయం బృందం 100 గిగాహెర్ట్జ్ దగ్గర, 10 కిలోహెర్ట్జ్ దూరంలో మైనస్ 114 చూపించింది. దాన్ని 10 గిగాహెర్ట్జ్‌కి తగ్గించి చూస్తే మైనస్ 134. ఒక మాట: బౌల్డర్ పనిలో రిఫరెన్స్ కేవిటీ చిప్ మీద లేదు, విడిగా పెట్టిన, రెండు అద్దాల మధ్య కాంతి తిరిగే చిన్న ఫాబ్రీ-పెరో కేవిటీ అది. వర్జీనియా వాళ్లు మాత్రం 4 మీటర్ల నైట్రైడ్ వేవ్‌గైడ్‌ని చుట్టగా చుట్టి దాన్నే రిఫరెన్స్‌గా వాడారు. ప్రతిపాదనల్లో "అంతా చిప్ మీదే" అని కనిపిస్తే ఆ అంతాలో ఏముందో దయచేసి అడగండి.

మన దేశంలో ప్రయత్నం లేదని మేం అనం. 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయలతో వచ్చిన సెమీకండక్టర్ కార్యక్రమంలో సిలికాన్ ఫోటానిక్స్ పేరు ఉంది. 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్ వచ్చింది, అందులో సెన్సింగ్, కొలతల శాస్త్రానికి ఐఐటీ బాంబేలో కేంద్రం పెట్టారు. మద్రాసు ఐఐటీలో ప్రోగ్రామబుల్ ఫోటానిక్ చిప్‌ల కేంద్రం ఉంది, బెంగళూరు ఐఐఎస్‌సీలో నానో ఫ్యాబ్ ఉంది. 2025 జూన్‌లో పరిశోధన సంస్థల కొనుగోలు నిబంధనలు సడలించారు. అందుకు కృతజ్ఞతలు.

కానీ పరిస్థితి తాడుంటే బొంగరం లేదు, బొంగరం ఉంటే తాడు లేదు అన్నట్టుంది. డబ్బు డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి, టేపవుట్‌కి (డిజైన్‌ని తయారీకి పంపడానికి) పోతోంది. చిప్ చేతికొచ్చిన రోజున ప్రాజెక్టు పూర్తయినట్టు రాసుకుంటున్నారు. అసలు పని ఆ రోజే మొదలవుతుంది. ఎక్కడ తెగుతోందో వివరంగా చెప్తాం.

మొదట ఫిల్మ్. రింగులో సాలిటాన్ (ఆకారం చెదరకుండా తిరిగే కాంతి పల్సు) దువ్వెన నిలబడాలంటే వేవ్‌గైడ్ డిస్పర్షన్, అంటే రంగుని బట్టి కాంతి వేగం మారే తీరు, సరైన వైపు ఉండాలి. అందుకు నైట్రైడ్ మందం 700 నుంచి 800 నానోమీటర్లు కావాలి. చిక్కేమిటంటే, ఎల్‌పీసీవీడీ కొలిమిలో (తక్కువ పీడనంలో వాయువుల నుంచి ఫిల్మ్ పెంచే కొలిమి) పెరిగిన నైట్రైడ్ బిగుసుకుపోయి ఉంటుంది. 400 నానోమీటర్లు దాటగానే వేఫర్ (చిప్‌లు చేసే సిలికాన్ బిళ్ల) అంచు నుంచి బీటలు మొదలై లోపలికి పాకుతాయి. దీనికి విరుగుళ్లు తెలిసినవే: ఫిల్మ్‌ని రెండు విడతల్లో వేయడం, వేఫర్ మీద ముందే గాడులు చెక్కి బీటని అక్కడే ఆపడం, లేదా ఆక్సైడ్‌లో కాలువలు తవ్వి వాటిలో నైట్రైడ్ నింపి పై భాగాన్ని పాలిష్ చేయడం. తర్వాత 1200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చాలి. లేకపోతే ఫిల్మ్‌లో మిగిలిన హైడ్రోజన్ 1520 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని మింగేస్తుంది. మామూలు ఎలక్ట్రానిక్ చిప్‌లు చేసే సీమాస్ లైన్‌లో అల్యూమినియం తీగలు వేశాక ఈ కాల్పు కుదరదు, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. కాబట్టి క్రమం ముందే ఖరారు కావాలి, కొలిమి గొట్టం దీనికే కేటాయించాలి. రాగి పని చేసిన గొట్టంలో ఇది చేస్తే రాగి అణువులు ఫిల్మ్‌లోకి చేరి కాంతి నష్టం పెంచుతాయి.

నష్టం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క. మీటరుకు 10 డెసిబెల్స్ పోతే రింగు క్యూ (కాంతిని ఎంతసేపు పట్టి ఉంచగలదో చెప్పే సంఖ్య) సుమారు 37 లక్షలు. 1 డెసిబెల్ పోతే 3.7 కోట్లు. దువ్వెన మొదలవడానికి కావలసిన లేజర్ పవర్ క్యూ వర్గానికి విలోమంగా మారుతుంది. క్యూ సగమైతే పవర్ నాలుగింతలు కావాలి. పది రెట్లు తేడా అంటే వంద రెట్లు పవర్, అంటే చిప్ పక్కన అతికించే చిన్న లేజర్‌తో ఇక పని కాదు, ఫైబర్ ఆంప్లిఫైయర్ పెట్టాలి. అది పెట్టాక చిన్న డబ్బా మళ్లీ పెద్ద పెట్టె అవుతుంది.

తర్వాత వేడి. నైట్రైడ్ రింగు రెజొనెన్స్ (రింగు కాంతిని పట్టుకునే ఫ్రీక్వెన్సీ) ఒక డిగ్రీకి సుమారు 2.5 గిగాహెర్ట్జ్ జరుగుతుంది. క్యూ కోటి ఉన్న రింగు రెజొనెన్స్ వెడల్పు దాదాపు 19 మెగాహెర్ట్జ్. ఒక డిగ్రీలో నూరో వంతు మారితే 25 మెగాహెర్ట్జ్ జరిగి, లేజర్ రెజొనెన్స్ బయట పడుతుంది. లేజర్‌ని రెజొనెన్స్‌లోకి తెచ్చే క్షణంలో మరో ఇబ్బంది ఉంది. సాలిటాన్ పుట్టగానే రింగులో తిరిగే పవర్ ఒక్కసారిగా పడిపోతుంది, రింగు చల్లబడుతుంది, రెజొనెన్స్ జరిగిపోతుంది, పుట్టిన సాలిటాన్ అప్పుడే చచ్చిపోతుంది. ఈ తంటా తప్పించడానికే లేజర్‌ని రింగు నుంచి వెనక్కి వచ్చే కాంతితోనే లాక్ చేసే పద్ధతి వచ్చింది. స్విచ్ వేస్తే దువ్వెన వెలుగుతుంది.

కానీ ఆ లాక్ నిలవాలంటే ప్యాకేజింగ్ కావాలి, మన దగ్గర పూర్తిగా కొరవడింది అదే. లేజర్ చిప్ ముఖానికి, నైట్రైడ్ చిప్ ముఖానికి మధ్య సందు కొన్ని మైక్రాన్లు. ఆ సందు అర తరంగం, అంటే 0.775 మైక్రాన్లు మారితే వెనక్కొచ్చే కాంతి ఫేజ్ పూర్తి చుట్టు తిరుగుతుంది. అందులో కొంత భాగంలో మాత్రమే లాక్ గట్టిగా ఉంటుంది. బల్ల మీద పీజో స్టేజితో సరిచేసి, చక్కగా లాక్ చూసి, యూవీ జిగురు వేసి ఆరబెడితే ఆ జిగురు గట్టిపడుతూ ముడుచుకుంటుంది. ఒక్క మైక్రాన్ ముడుచుకున్నా అంతకుముందు చూసిన లాక్ పోయినట్టే. మరునాడు ఆన్ చేస్తే లేజర్ తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. జిగురు ఎంత వేయాలి, ఏ వైపు ముందు ఆరబెట్టాలి, ముడుచుకోవడాన్ని లెక్కలో పెట్టుకుని ముందుగా ఎంత ఎడం ఉంచాలి, ఆ తర్వాత ఎన్నిసార్లు వేడికీ చలికీ తిప్పి చూడాలి అన్నది ఒక విద్య. అది వ్యాసాల్లో దొరకదు. అదే మనుషులు, అదే యంత్రం మీద, ఏడాదికి కొన్ని వందల ముక్కలు చేస్తే వస్తుంది. ఒక్కో ప్రాజెక్టుకి ఐదు చిప్‌లు, వాటికి ఒక పీహెచ్‌డీ విద్యార్థి అనే పద్ధతిలో ఎప్పటికీ రాదు.

లేజర్‌కి కరెంటు ఇచ్చే డ్రైవర్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. చిప్ పక్కన అతికించే డీఎఫ్‌బీ రకం లేజర్ ఫ్రీక్వెన్సీ మిల్లీఆంపియర్‌కి గిగాహెర్ట్జ్ స్థాయిలో కదులుతుంది. అంటే డ్రైవర్‌లో ఒక నానోఆంపియర్ నాయిస్ లేజర్‌లో ఒక కిలోహెర్ట్జ్ నాయిస్. మామూలు బల్లమీది పవర్ సప్లై తగిలిస్తే 50 హెర్ట్జ్, 100, 150 దగ్గర మొక్కజొన్న కంకి గింజల్లా వరుసగా స్పైకులు కనిపిస్తాయి.

ఫోటోడయోడ్‌ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. దువ్వెన పల్సుల నుంచి 1 మిల్లీఆంపియర్ కరెంటు తీస్తే 50 ఓమ్‌ల మీద మైక్రోవేవ్ పవర్ గరిష్ఠంగా మైనస్ 10 డీబీఎం (మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్స్) దగ్గర వస్తుంది, షాట్ నాయిస్ (కాంతి కణాలు విడివిడిగా వచ్చి పడటం వల్ల పుట్టేది) అడుగు సుమారు మైనస్ 161 దగ్గర ఆగుతుంది. ఇంకా కిందికి వెళ్లాలంటే కరెంటు పెంచాలి, పెంచితే డయోడ్ సంతృప్తమై లేజర్ పవర్ హెచ్చుతగ్గుల్ని ఫేజ్ హెచ్చుతగ్గులుగా మార్చేస్తుంది. ఒక నిర్దిష్ట కరెంటు దగ్గర ఈ మార్పిడి దాదాపు సున్నా అవుతుంది, ఒక్కో డయోడ్‌కి ఆ చోటు వేరు, దాన్ని వెతికి పట్టుకోవాలి. ఈ డయోడ్‌లు ఇండియం ఫాస్ఫైడ్ మీద పెరుగుతాయి. హైదరాబాద్‌లోని గేటెక్‌లో గాలియం ఆర్సెనైడ్ చిప్‌ల అనుభవం ఎంత ఉన్నా ఆ పదార్థం 870 నానోమీటర్లు దాటిన కాంతిని పీల్చుకోదు కాబట్టి 1550కి నేరుగా పనికిరాదు.

చివరిది కొలత, మా అసలు గోడు ఇక్కడే. మైనస్ 141 ఉన్న సిగ్నల్‌ని స్పెక్ట్రమ్ అనలైజర్‌కి తగిలిస్తే తెర మీద కనిపించేది ఆ అనలైజర్ నాయిస్. రెండు స్వతంత్ర రిఫరెన్సులతో రెండు దారుల్లో కొలిచి, ఉమ్మడిగా ఉన్నదాన్నే మిగిల్చే క్రాస్ కోరిలేషన్ పద్ధతి కావాలి. సగటు పది వేల సార్లు తీస్తే 20 డెసిబెల్స్ లోతు దొరుకుతుంది. 100 హెర్ట్జ్ దూరంలో 10 హెర్ట్జ్ రిజల్యూషన్‌తో అది 17 నిమిషాల పని. 1 హెర్ట్జ్ దూరంలో 0.1 హెర్ట్జ్ రిజల్యూషన్‌తో 28 గంటల దాకా పడుతుంది. ఆ 28 గంటలూ కరెంటు పోకూడదు, గదిలో ఏసీ ఆగి మళ్లీ మొదలవకూడదు, పైఅంతస్తులో ఎవరూ బల్ల ఈడ్వకూడదు. ఇంకో ఉచ్చు కూడా ఉంది. సిగ్నల్‌ని రెండుగా చీల్చే స్ప్లిటర్ సొంత థర్మల్ నాయిస్ రెండు దారుల్లో వ్యతిరేక గుర్తుతో వెళ్తుంది. అది కొలిచే నాయిస్‌కి దగ్గరగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసి, ఉన్నదాని కంటే తక్కువ నాయిస్ చూపిస్తుంది. తెర మీద గుంట పడినట్టు గ్రాఫ్ కిందికి దిగితే అది రికార్డు కాదు, తప్పు. ఈ తప్పు పట్టగలిగేవాళ్లు కమిటీలో లేకపోతే తప్పుడు గ్రాఫే ప్రాజెక్టు విజయపత్రం అవుతుంది.

ఇవన్నీ ప్రయోగశాల మనుషుల బాధలే అనిపించవచ్చు. వీటివల్ల మామూలు జనానికి జరిగే నష్టం ఇది:

1. నెమ్మదిగా కదిలేవి రాడార్‌కి కనబడవు. 10 గిగాహెర్ట్జ్ రాడార్‌లో సెకనుకు మీటరున్నర వేగంతో నడిచే మనిషి నుంచి వచ్చే ప్రతిధ్వని 100 హెర్ట్జ్ మాత్రమే జరుగుతుంది. పక్కనే ఉన్న కొండ, నీళ్ల ట్యాంకు, అపార్ట్‌మెంట్ ఇచ్చే ప్రతిధ్వని దానికంటే లక్షల రెట్లు పెద్దది. ఆసిలేటర్ నాయిస్ 100 హెర్ట్జ్ దూరంలో ఎక్కువగా ఉంటే ఆ కొండ నాయిసే మనిషిని కప్పేస్తుంది. విమానాశ్రయం దగ్గర గాలిలో నిలబడ్డ చిన్న డ్రోన్‌దీ, రన్‌వే పక్కన వాలే పక్షుల గుంపుదీ ఇదే కథ. దగ్గరి వస్తువులకి పంపిన సిగ్నల్, తిరిగొచ్చిన సిగ్నల్ నాయిస్ కొంత ఒకేలా ఉండి రద్దవుతుంది. 15 కిలోమీటర్ల దగ్గర, 100 హెర్ట్జ్ దూరంలో ఆ లాభం 24 డెసిబెల్స్. వస్తువు దూరం పెరిగేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది.

2. ఊరి మధ్య వాన రాడార్లు. మచిలీపట్నం, విశాఖపట్నంలో ఉన్న పెద్ద ఎస్-బ్యాండ్ వాతావరణ రాడార్లకి మంచి క్రిస్టలే సరిపోతుంది, అక్కడ ఫోటానిక్ చిప్ కావాలని మేం అనం. కానీ నగరాల్లో వీధుల స్థాయిలో వానని చూసే చిన్న ఎక్స్-బ్యాండ్ రాడార్లు నలువైపులా భవనాల మధ్య నిలబడాలి. కదలని భవనం ప్రతిధ్వనిని తీసేసి, దాని ముందు కురుస్తున్న వానని మిగల్చడానికి ఫేజ్ స్థిరత్వమే ఆధారం. రాడార్ ఆ వానని కూడా భవనంతో పాటు కొట్టేస్తే, నాలా పొంగేది తెలిసేది నీళ్లు గుమ్మంలోకి వచ్చాకే.

3. ఫైబర్ పోని ఊళ్లు. ఏజెన్సీ కొండల్లో టవర్ నుంచి టవర్‌కి డిష్‌లే దారి. 10 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని 80కి పెంచితే 18 డెసిబెల్స్ నాయిస్ పెరుగుతుంది. నాయిస్ ఎక్కువైతే ఒక్కో సంకేతంలో ఎక్కువ డేటా పంపే 1024 చుక్కల మాడ్యులేషన్ నిలవదు, రేడియో తనంతట తాను కింది మెట్టుకి దిగుతుంది. అదే స్పెక్ట్రమ్, అదే టవర్, అదే కరెంటు బిల్లు, బడిలో పిల్లలకి వచ్చే వేగం మాత్రం తక్కువ.

4. కొనుక్కుందామన్నా దొరకదు. మంచి ఆసిలేటర్లు వాసెనార్ ఒప్పందం (ఆయుధాలకూ వాడగల సరుకు ఎగుమతి మీద దేశాల మధ్య ఒప్పందం) కింద ఎగుమతి నియంత్రణ ఉన్న సరుకు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర, 10 కిలోహెర్ట్జ్ దూరంలో మైనస్ 126 కంటే మెరుగైతే నియంత్రణ జాబితాలోకి వెళ్తుంది. మనం కూడా 2017 డిసెంబరులో ఆ ఒప్పందంలో చేరాం. అంటే అమ్మేవాళ్ల దేశం లైసెన్సు ఇవ్వాలి, ఎక్కడ వాడతామో రాసివ్వాలి. పాడైతే బాగు చేయడానికి మళ్లీ సముద్రం దాటించాలి. హైదరాబాద్‌లో మైక్రోవేవ్ పరికరాలు చేసే చిన్న యూనిట్ ఆర్డర్ ఒప్పుకుని, ఒక్క భాగం కోసం నెలల తరబడి ఆగితే ఆలస్యానికి జరిమానా ఆ యూనిట్‌కే పడుతుంది.

5. చదువుకునే పిల్లలు. 800 నానోమీటర్ల నైట్రైడ్ చిప్ కావాలంటే స్విట్జర్లాండ్‌లోనో నెదర్లాండ్స్‌లోనో ఉన్న ఫౌండ్రీ (చిప్‌లు చేసిచ్చే ఫ్యాక్టరీ) ఉమ్మడి రన్‌లో, అంటే పలువురి డిజైన్లు ఒకే వేఫర్ మీద చేసే విడతలో, చోటు కొనాలి. చిప్ తిరిగొచ్చేసరికి ఎంటెక్ అయిపోతుంది. పరిశోధన సంస్థలకున్న 5 శాతం రాయితీ జీఎస్టీ 2022 జూలై 18 నుంచి తీసేశారు. ఇప్పుడు 18 శాతం. ఒక కొలత పరికరం మీద పడే ఆ తేడాతో ఒక పరిశోధక విద్యార్థిని పోషించవచ్చు.

పై విషయాలను దృష్టిలో పెట్టుకుని మేం అడుగుతున్నవి:

1. ప్రతిపాదనలు పిలిచే పత్రంలోనే కొలతల పట్టిక పెట్టండి. క్యారియర్ ఫ్రీక్వెన్సీ ఎంత, దాని నుంచి 10 హెర్ట్జ్, 100 హెర్ట్జ్, 1 కిలోహెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్, 1 మెగాహెర్ట్జ్ దూరాల్లో ఫేజ్ నాయిస్ ఎంత, స్పైకులు ఎంత ఎత్తు, మొత్తం కరెంటు ఎన్ని వాట్లు, 0 నుంచి 55 డిగ్రీల గది వేడిలో ఏమవుతుంది, మళ్లీ లాక్ చేయకుండా 72 గంటలు నడిచిందా. ఈ గడులు ఖాళీగా ఉన్న ప్రాజెక్టుకి చివరి విడత డబ్బు ఆపండి. "చిప్ తయారైంది" అన్న వాక్యానికి డబ్బు ఇవ్వకండి.

ఇదే పట్టికలో కుదుపు కూడా ఉండాలి. ఒక గ్రావిటీ కుదుపుకి ఫ్రీక్వెన్సీ వంద కోట్లలో ఒక వంతు మారే క్రిస్టల్‌ని ఒక గ్రావిటీ బలంతో, 100 హెర్ట్జ్ దగ్గర ఊపితే 10 గిగాహెర్ట్జ్‌లో మైనస్ 26 డీబీసీ (అసలు సిగ్నల్‌తో పోల్చిన డెసిబెల్స్) ఎత్తున స్పైకు లేస్తుంది. జీపు మీదో హెలికాప్టర్‌లోనో పెట్టిన రాడార్‌లో బల్ల మీది మైనస్ 141కి అర్థం ఉండదు. కాంతితో చేశాం కాబట్టి కుదుపు తగలదనే మాట కూడా నమ్మకండి. రిఫరెన్స్ కేవిటీ పొడవు ఎంత వంతు మారితే బయటి సిగ్నల్ అంత వంతు మారుతుంది.

అలాగే ఈ ఫోటానిక్ ఆసిలేటర్ గడియారం కాదు. రోజుల తరబడి సమయం నిలబెట్టే పని అణు గడియారాలది. జీపీఎస్ లేకుండా నడిపిస్తామని రాసిన ప్రతిపాదనలో ఈ రెండింటినీ కలిపేశారేమో చూడండి.

2. దేశంలో ఒక చోటైనా 750 నుంచి 800 నానోమీటర్ల నైట్రైడ్ ఉమ్మడి రన్ ఏడాదికి రెండుసార్లు, ముందే ప్రకటించిన తేదీల్లో నడపండి. కొలిమి గొట్టం దీనికే ఉండాలి. ప్రతి రన్ తర్వాత టెస్ట్ రింగుల నష్టాల్ని, ఒక మంచి రింగుది మాత్రమే కాకుండా వేఫర్ అంతటా కొలిచినవన్నీ, వాడుకునేవాళ్లకి ఇవ్వాలి. బీటలు పోయిన వేఫర్ల లెక్క కూడా.

3. ప్యాకేజింగ్ లైన్ ఒకటి. మైక్రాన్‌లో పదో వంతు దాకా సరిచేసే ఆరు దిశల అలైన్‌మెంట్ యంత్రం, లెన్స్ ఫైబర్లు, డై బాండర్, వైర్ బాండర్, వేడిచలి ఛాంబర్, వాటి మీద ఐదేళ్లు కదలకుండా పనిచేసే టెక్నీషియన్లు. యంత్రం కొనడానికి డబ్బిచ్చి టెక్నీషియన్‌ని ఏడాది కాంట్రాక్టు మీద పెడితే లాభం లేదు. ప్రతి ప్రాజెక్టులో కనీసం 40 శాతం డబ్బు ప్యాకేజింగ్‌కి, కొలతకి విడిగా రాయించండి.

4. ఫేజ్ నాయిస్ కొలత కేంద్రాలు రెండు పెట్టండి. వాటిలో ఒకటి హైదరాబాద్‌లో పెట్టాలని కోరుతున్నాం, రాడార్, ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాల మీద పనిచేసే రక్షణ ప్రయోగశాలలూ, వాటికి సరుకిచ్చే చిన్న యూనిట్లూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. భూమికి దగ్గరగా, కింది అంతస్తులో, వేరే ఎర్తింగ్‌తో గది. క్రాస్ కోరిలేషన్ కొలత, స్వతంత్ర రిఫరెన్సులు, షేకర్ బల్ల. బయటివాళ్లు రోజు అద్దె కట్టి వాడుకునేలా ఉండాలి. ఒకే పరికరాన్ని రెండు కేంద్రాల్లోనూ కొలిచి ఫలితాలు పోల్చాకే ప్రాజెక్టు పూర్తయినట్టు లెక్క.

5. ఇండియం ఫాస్ఫైడ్ ఫోటోడయోడ్‌లు, డీఎఫ్‌బీ లేజర్ చిప్‌లు ఇక్కడే తయారయ్యేదాకా, వాటిని అందరి తరఫున ఒకేసారి కొనండి. ఒక్కో ప్రయోగశాల పది ముక్కలు అడిగితే అమ్మేవాళ్లు పలకరు. మూడు వందలు అడిగితే ఒకే బ్యాచ్ నుంచి, డేటా షీట్‌తో ఇస్తారు.

6. పరిశోధన పరికరాల మీద 5 శాతం జీఎస్టీ తిరిగి తేవడం మీ చేతిలో లేకపోతే, సిఫారసు లేఖ రాయడం మీ చేతిలోనే ఉంది.

7. ప్రతిపాదనలు చదివే ప్రతి కమిటీలో ఫేజ్ నాయిస్‌ని స్వయంగా కొలిచిన మనిషి ఒకరైనా ఉండాలి. ప్రొఫెసరే కానవసరం లేదు, రిటైరైన రాడార్ ఇంజినీరైనా సరే.

ఈ ఏడింటిలో మొదటిదానికి, ఏడోదానికి కొత్తగా పైసా ఖర్చు లేదు. వచ్చే ప్రతిపాదనల పత్రంలోనే వాటిని చేర్చవచ్చు. మిగిలినవాటి మీద 60 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. కుదరదనుకున్నవి ఉంటే ఏది, ఎందుకు కుదరదో రాయండి. కొలతల పట్టిక నమూనా, ఫిల్మ్ రన్‌కి అడగవలసిన టెస్ట్ నిర్మాణాల జాబితా సిద్ధంగా ఉన్నాయి. అడిగిన రోజే పంపిస్తాం.

ఇట్లు,
మైక్రోవేవ్, ఫోటానిక్స్ రంగాల ఇంజినీర్లు, పరిశోధకులు